మార్ఫింగ్ చేసింది వాడు, చదువు మానేది ఆమా?

అమ్మాయి ఇన్‌స్టాలో పెట్టుకున్న మామూలు ఫొటోని ఏఐ యాప్‌లో పడేసి, బట్టల్లేనట్టు తయారుచేసి గ్రూపుల్లో తిప్పుతున్నారు. విషయం బయటపడగానే పెద్దమనుషులు కూర్చుని, కుర్రాడి చేత తప్పు కట్టించి సారీ చెప్పించి పంపేస్తున్నారు, అమ్మాయికి మాత్రం ఫోన్ లాక్కుని కాలేజీ మాన్పించి సంబంధాలు చూసేస్తున్నారు. మన ఉత్తరాంధ్రలో ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఇదే తీర్పు.

కేసు పెడితే పేరు బయటికొస్తుందని, కోర్టుల చుట్టూ తిరగలేమని తల్లిదండ్రులు భయపడతారు, నిజమే. మరి ఊరంతా చేరిన రచ్చబండ దగ్గర ఆ పిల్ల పేరు దాగిందా?

కుల సర్టిఫికెట్ వాట్సాప్‌లో తెచ్చుకుంటున్నాం, సంతలో స్కాన్ చేసి డబ్బులిస్తున్నాం, ఆడపిల్ల పరువు దగ్గరికొచ్చేసరికి మాత్రం తాతల కాలానికి పోతున్నాం. "నువ్వెందుకు ఫొటో పెట్టావు" అని ఆమెనే అడుగుతున్నారు. ఈ యాప్‌లకి ముఖం ఒక్కటి కనిపిస్తే చాలు, పెళ్ళిలో ఎవరో తీసిన ఫొటో అయినా, స్కూల్ గ్రూప్ ఫొటో అయినా సరిపోద్ది. ఆమె ఫోన్ లాక్కుంటే ఏం ఆగుతుంది?

"కుర్రోడి జీవితం పాడైపోద్ది" అనే పెద్దలు ఒకటి తెలుసుకోవాలి. అమ్మాయికి 18 నిండకపోతే ఇది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు, కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మల్ని కూడా 2019 సవరణ ఆ చట్టంలోకి తెచ్చింది. తెలిసీ పోలీసులకి చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, అంటే రాజీ చేసిన పెద్దమనిషి కూడా నేరస్తుడే. 18 దాటినా ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ళ జైలు, 10 లక్షల జరిమానా దాకా పడొచ్చు.

మా భయం ఒక్కటే. ఒక్కో రాజీ తర్వాతి కుర్రాడికి రేటు చెప్తోంది. ఇంత కడితే అయిపోద్ది అని ఊళ్ళో ప్రతి మగపిల్లాడికీ తెలిసిపోతోంది, ఈసారి వదిలేస్తే వచ్చేసారి వదలకపోవడానికి కారణం కూడా దొరకదు. ఆడపిల్ల బతుక్కి వెల కట్టడం తప్పని గురజాడ ఇదే విజయనగరంలో 1892లో నాటకం వేయించి చెప్పాడు, ఆయన విగ్రహానికి దండలేసే మనం తప్పు డబ్బు పేరుతో మళ్ళీ వెల కడుతున్నాం!

పెద్దమనుషులూ, పంచాయితీ చాలించండి. ఆ పిల్లతో పాటు స్టేషన్‌కి నడవండి, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. లాక్కున్న ఫోన్ తిరిగిచ్చి సోమవారం ఆమెని కాలేజీకి పంపండి.