సవరణ: పెట్రోల్ ముల్లు పనిచేయనప్పుడు వైరు పరీక్ష

ట్యాంకులోని ఫ్లోట్ యూనిట్ (పెట్రోల్ మీద తేలుతూ మట్టం కొలిచే భాగం) వైరును విప్పి కారు బాడీకి తాకిస్తే ముల్లు ఫుల్‌కి వెళ్లాలని, వెళ్లకపోతే మీటరు పోయినట్టేనని ముందు పోస్టులో ఉంది. ఇది అన్ని కార్లకూ వర్తించదు.

ట్యాంకు నిండే కొద్దీ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గే యూనిట్లకే ఆ మాట సరిపోతుంది. ఉదాహరణకు ఖాళీగా ఉంటే 240 ఓమ్‌లు, నిండితే 33 చూపే రకం. యూరప్ రకం కొన్నింటిలో లెక్క తిరగబడుతుంది: ఖాళీకి 10, ఫుల్‌కి 180. వాటిలో వైరు తాకిస్తే, మీటరు బాగున్నా ముల్లు కిందికే పడుతుంది. అది చూసి మీటరు మార్పిస్తే డబ్బు దండగ. కంప్యూటర్ ద్వారా మీటరుకు సమాచారం వెళ్లే కొత్త కార్లలో ఈ పరీక్ష అసలు చేయకండి, స్కానర్‌తో (కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) చూపించుకోండి. రాయగడ, పర్లాకిమిడి రోడ్ల మీద పాత బండ్లూ కొత్తవీ కలిసి తిరుగుతున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నమ్మకమైన దారి మల్టీమీటరే. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ విప్పి, యూనిట్ ఓమ్‌లు కొలవండి. యూనిట్‌ను బయటికి తీస్తే ఫ్లోట్ చేతిని మెల్లగా కదపండి. అంకె సాఫీగా మారాలి. మధ్యలో ఎగిరిపడితే లోపలి ట్రాక్ (ఫ్లోట్ చేయి కదిలినప్పుడు రాసుకునే రెసిస్టెన్స్ పట్టీ) అరిగినట్టు. దానికన్నా ముందు ఎర్త్ వైరుకు (యూనిట్‌ను కారు బాడీకి కలిపేది) తుప్పు పట్టిందేమో చూడండి, చాలాసార్లు గొడవంతా అక్కడే.

కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఊగితే టెన్షన్ పడొద్దు. వాలులో పెట్రోల్ ఒక పక్కకు జరుగుతుంది, చదును నేల మీదే రీడింగ్ చూడాలి.

ట్యాంకు తెరిచే పనైతే ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీసేశాకే. పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు.