గడువు తీరిన పాటలు

తెల్లవారుజామున రామాలయం మైకు ఒకసారి గరగరమని, ఆ వెంటనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో వేంకటేశ్వర సుప్రభాతం మొదలైతేగానీ తెల్లారని ఊళ్లు మనకింకా చాలానే ఉన్నాయి. పూజారిగారి పెన్‌డ్రైవ్‌లో మొదటి పాట అదే. బస్టాండు పక్క టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికెక్కేటప్పుడు మోగేదీ అదే. ఆ రికార్డు 1963లో హెచ్‌ఎంవీ లేబుల్ మీద వచ్చింది. మన కాపీరైట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సౌండ్ రికార్డింగుకు రక్షణ, విడుదలైన మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి లెక్కేస్తే 60 ఏళ్లు. అంటే 2023 డిసెంబరు 31తో ఆ రికార్డింగు మీద హక్కు తీరిపోయింది. స్తోత్రం రాసిన ప్రతివాది భయంకరం అణ్ణన్ 15వ శతాబ్దం వారు కాబట్టి అటువైపు నుంచీ అడ్డు లేదు. 2024 జనవరి 1 నుంచి ఆ పాత రికార్డును ఎవరైనా దించుకోవచ్చు, ఎక్కించుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు. అలాంటి రోజు వచ్చి వెళ్లింది. మా పత్రికతో సహా ఎవరమూ ఒక్క ముక్క రాయలేదు.

పైరసీ గురించి గొంతు చించుకునేవాళ్లకు ఇలాంటి రోజు ఒకటి ఉంటుందన్న స్పృహ ఉన్నట్టు కనపడదు. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు, కొత్త సినిమాలను దొంగచాటుగా పెట్టే ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడిని అరెస్టు చేసినప్పుడు చూశాం. ఒకవైపు సినీ పరిశ్రమ హర్షం, మరోవైపు సోషల్ మీడియాలో అతనికి జేజేలు. టికెట్ రేట్లు చూసి మండిపోయిన జనం అతనిలో రాబిన్‌హుడ్‌ను చూసుకున్నారు. మా మాట సూటిగా చెబుతాం. నిన్న విడుదలైన పాటనో సినిమానో ఎత్తుకొచ్చి, ప్రకటనల మధ్య పెట్టి సొమ్ము చేసుకోవడం దొంగతనమే. అందులో సమాజసేవ ఏమీ లేదు. అయితే ఈ గొడవలో రెండు పక్షాలూ ఒక్క విషయంలో ఒకే మాట మీదున్నాయి: ఉచితంగా దొరికిందంటే అది దొంగసొత్తే అయి ఉంటుందని. మా పేచీ అక్కడే.

నిజానికి తెలుగువాళ్లకు పాటల కాపీ ఇంటర్నెట్‌తో రాలేదు. క్యాసెట్ల రోజుల్లో నోటుపుస్తకం కాగితం చింపి పాటల పట్టిక రాసి షాపువాడికిస్తే, మూడో రోజుకి అరవై నిమిషాల సిక్స్టీ క్యాసెట్‌లో నింపి, అట్ట మీద పాటల పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి మరీ ఇచ్చేవాడు. చివర్లో జాగా మిగిలితే తనకు నచ్చిన పాట ఒకటి చేర్చేవాడు. అది సగంలో తెగేది. తర్వాత కోఠి ఫుట్‌పాత్ మీద నూటయాభై పాటల ఎంపీత్రీ సీడీలొచ్చాయి. ఆ తర్వాత మండల కేంద్రంలో సెల్ షాపు. మెమరీ కార్డు తీసి కౌంటర్ మీద పెడితే కుర్రాడు కంప్యూటర్ నుంచి తలెత్తకుండా అడిగే ప్రశ్న ఒక్కటే: “అన్నా, పాతవా, కొత్తవా, మిక్సా?” రీఛార్జి చేయించుకున్నంత మామూలుగా జరిగిపోయేది. డబ్బిచ్చినవాడికి గానీ పాటలు ఎక్కించినవాడికి గానీ తప్పు చేస్తున్నామన్న టెన్షనే లేదు. ఆ కార్డులో యాభైల నాటి త్యాగరాజ కీర్తనా, పోయిన శుక్రవారం సినిమా పాటా పక్కపక్కనే ఉండేవి. చట్టం వాటిని వేర్వేరుగా చూస్తుందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

కేసులతో ఇది ఆగేదైతే ఎప్పుడో ఆగేది. జనం పాటల ఫైళ్లు ఒకరికొకరు ఉచితంగా పంచుకునేందుకు అమెరికాలో 1999లో మొదలైన నాప్‌స్టర్‌ను రికార్డు కంపెనీలు కోర్టుకీడ్చి 2001లో మూయించాయి. దాని చోటులో అలాంటివే మరికొన్ని పుట్టుకొచ్చాయి. 2003లో ఆపిల్ తన ఐట్యూన్స్ స్టోర్‌లో పాట 99 సెంట్లకు పెట్టాక గానీ నేరుగా కొనుక్కునే తేలిక దారి జనానికి దొరకలేదు. మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ 2012లో ‘ఫ్లైట్’ పేరుతో ఎంపీత్రీలు అమ్మి చూసి, ఏడాదిన్నర తిరక్కుండానే 2013 జూన్‌లో కట్టేసింది. చిల్లర డబ్బులు ఫోన్‌లో చిటికెలో కట్టే యూపీఐ అప్పటికింకా రాలేదు. పైగా వెతికితే అదే పాట ఫ్రీ. అలాగని తెలుగువాడు పాటకు డబ్బు తీయడనడం అబద్ధం. 2017లో వచ్చిన కారవాన్ రేడియో చూడండి. అయిదు వేల పాత పాటలు నింపిన ఆ పెట్టెను వేలు పోసి కొని అమ్మానాన్నలకు బహుమతిగా ఇచ్చినవాళ్లు మనలో ఎందరో. ఆ పాటలు ఫోన్‌లో ఉచితంగా వినొచ్చని తెలిసే కొన్నారు. గుండీ తిప్పగానే పాట రావాలి, మధ్యలో ప్రకటన రాకూడదు. నాన్నగారు అడిగింది అంతే.

ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌ల కాలం. దొంగసైట్ల వైపు వెళ్లకుండా అవి చాలామందిని ఆపాయి, కాదనం. కానీ వాటిలో ‘డౌన్‌లోడ్’ అని రాసి ఉన్న బటన్ నొక్కితే పాట మన చేతికి రాదు. చందా కట్టినన్నాళ్లు, యాప్ బతికున్నన్నాళ్లు ఆ యాప్‌లోనే తాళం వేసి ఉంటుంది. గానా 2022లో ఉచిత సేవ మానేసింది. 2024లో రెస్సో, వింక్ రెండూ మూతపడ్డాయి. వాటిలో ఆఫ్‌లైన్ పేరుతో దాచుకున్నవన్నీ వాటితోనే పోయాయి. క్యాసెట్ షాపువాడిచ్చిన సిక్స్టీ క్యాసెట్ మాత్రం చాలా ఇళ్లలో ఇంకా అటక మీద ఉంది.

దొంగతనం అన్నప్పుడు ఎవరి జేబుకు చిల్లు పడుతోందో కూడా చూడాలి. మన సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు దశాబ్దాల పాటు ఒక్కసారి డబ్బిచ్చి సర్వహక్కులూ రాయించుకునేవారు. ఆ తర్వాత పాట ఎన్ని తరాలు మోగినా వాళ్లకు ఒరిగేది తక్కువ. రాజ్యసభలో హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ పట్టుబట్టి వాదించిన 2012 కాపీరైట్ చట్ట సవరణ దీన్ని మార్చింది. సినిమా హాల్లో ఆడటం మినహా పాటను మరెక్కడ వాడుకున్నా రాయల్టీలో సమాన వాటా వాళ్లది. దాన్ని నిర్మాతకో కంపెనీకో రాసిచ్చేశామని సంతకం పెట్టినా చెల్లదు. కాబట్టి కొత్త పాటను దొంగసైటు నుంచి దించుకుంటే పోయేది పెద్ద కంపెనీ సొమ్మొక్కటే కాదు. అద్దె కట్టుకుంటూ పాటలు రాసుకునే మనిషి వాటా కూడా అందులో ఉంది. ఇక్కడ మాకు రెండో మాట లేదు.

పాత పాటల దగ్గరికి వచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటనే తీసుకుందాం. 1957 నాటిది. రికార్డింగు మీద హక్కు 2017తో తీరింది. కానీ సాహిత్యానికీ, బాణీకీ వేరే లెక్క. వాటిని సృష్టించినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి మాటలకు 2031 దాకా గడువుంది. బాణీ సాలూరి రాజేశ్వరరావుది. ఆ సినిమాకు నాలుగు పాటల వరసలిచ్చి ఆయన తప్పుకుంటే మిగతా భారం ఘంటసాల మోశారు. రాజేశ్వరరావు పోయింది 1999లో. అంటే ఆ బాణీకి 2059 దాకా కాపలా. ఒక్క పాటకు మూడు తాళాలు, ఒకటే తెరుచుకుంది. వెన్నెల్లో పడవ షికారుకు వకీలును కూడా ఎక్కించుకోవాలి కాబోలు.

త్యాగరాజ కీర్తనలకు ఈ బాధ లేదు. ఆయన 1847లోనే వెళ్లిపోయారు. 1965 దాకా విడుదలైన ఆ కీర్తనల గ్రామఫోన్ రికార్డులు 2026 జనవరి 1 నాటికి అందరివీ అయిపోయాయి. అన్నమయ్య దగ్గర మాత్రం చిన్న మెలిక ఉంది. తిరుమల రాగిరేకుల మీద దొరికింది సాహిత్యం, రాగం పేరు. నేడు మనం పాడుకుంటున్న వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, 2025 మార్చిలో కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. అన్నమయ్య పోయి అయిదు వందల ఏళ్లు దాటినా ఆ వరసలు నిన్న మొన్నటివి. అదృష్టమేమిటంటే ఆ కృషిలో పెద్ద భాగం టీటీడీ నీడన జరిగింది. ఆ రికార్డింగులు ఎన్నో టీటీడీ ఇప్పటికే ఉచితంగా వినిపిస్తోంది. తన చేతిలో హక్కున్నవాటిని దించుకోవచ్చు, పంచుకోవచ్చు అని పాలకమండలి ఒక్క తీర్మానం చేస్తే సరిపోతుంది. లడ్డూకి లాగా క్యూ కూడా అక్కర్లేదు.

సుప్రభాతం విషయంలో ఒక మాట దాచకూడదు. ఆ రికార్డు మీద వచ్చే రాయల్టీని ఎం.ఎస్. టీటీడీ వేదపాఠశాలకు ఇచ్చేశారు. గడువు తీరడమంటే ఆ ధార కూడా సన్నబడటమే. మనసుకు కష్టం అనిపించేవాళ్లకు హుండీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే అమెరికా చట్టం 1957-72 మధ్య రికార్డులకు 2067 దాకా రక్షణ ఇచ్చింది. హైదరాబాద్‌లో అమ్మ దించుకుంటే తప్పులేని సుప్రభాతం, డల్లాస్‌లో కూతురు దించుకుంటే చిక్కే.

గడువు తీరినా పెత్తనం తీరడం లేదు. కొత్తగా పాడుతున్న అమ్మాయి త్యాగరాజ కీర్తనను తన గొంతుతో పాడి యూట్యూబ్‌లో పెడితే, ఇది ఫలానా కంపెనీ సొత్తంటూ యంత్రం నోటీసు పంపుతుంది. కర్ణాటక సంగీత కళాకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్న సంగతి ఇది. లేని హక్కుతో బెదిరిస్తే కోర్టుకు వెళ్లే వీలు చట్టంలోని 60వ సెక్షన్‌లో ఉంది. అయిదు నిమిషాల కీర్తన కోసం కోర్టు మెట్లెక్కేదెవరు? దొంగ కాపీకి మూడేళ్ల దాకా జైలు రాసిన చట్టం, తప్పుడు క్లెయిమును మాత్రం బాధితుడి ఓపికకు వదిలేసింది. దీన్ని సరిచేయమని పార్లమెంటులో అడగాల్సింది మన ఎంపీలే. ఏ రికార్డు గడువు ఎప్పుడు తీరుతుందో కాపీరైట్ కార్యాలయం ఏటా జనవరి 1న ప్రకటిస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

బతికున్న కళాకారులు తమంతట తాము ఇవ్వదలచుకున్నా దారి ఉంది. 21వ సెక్షన్ కింద హక్కు వదులుకోవచ్చు, లేదా 2002లో వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో షరతులు పెట్టి పంచొచ్చు. సంగీతప్రియ వెబ్‌సైటులో రసికులు కచేరీ రికార్డింగులను ఏళ్లుగా పంచుకుంటున్నారు. అంగట్లో అమ్మే రికార్డు పెట్టకూడదన్నది వాళ్ల నియమం. నలుగురు రసికులు చేయగలిగింది ప్రభుత్వ సంస్థలకు చేతకాదంటే నమ్మలేం.

అందుకే ఆకాశవాణిని అడుగుతున్నాం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. భక్తిరంజని, లలిత గీతాలు, సంగీత కచేరీలు దశాబ్దాలుగా జనం డబ్బుతో రికార్డు చేసినవి. కళాకారుల వారసులతో మాట్లాడాల్సినవి కొన్ని ఉంటాయి, మాట్లాడాలి. మిగతావి దించుకునే వీలుతో పెట్టాలి. ఒకప్పుడు రేడియో ఉన్న ఇంట్లో చిన్న లైసెన్సు పుస్తకం ఒకటి ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, అందులో స్టాంపు అతికించుకుని వచ్చేవారు. భక్తిరంజనికి ఇవ్వాల్సిన డబ్బు అప్పుడే ఇచ్చేశాం.