రష్యా చమురుకి భీమవరం రొయ్య ఎందుకు జరిమానా కట్టింది?

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద అప్పటికే వేసిన 25 శాతం సుంకానికి మరో 25 శాతం కలిపింది. మొదటి పాతిక వ్యాపారం గొడవ. రెండో పాతికకు ట్రంప్ ఉత్తర్వులో చూపించిన కారణం వేరే: ఇండియా రష్యా చమురు కొంటోంది, ఉక్రెయిన్ యుద్ధం ఆగాలంటే రష్యాకు డబ్బు ఆగాలి, కాబట్టి కొనేవాళ్లకు జరిమానా. సరే, ఒప్పుకుందాం. చమురు కొన్నదెవరు? జామ్‌నగర్, వాడినార్ లాంటి చోట్ల ఉన్న పెద్ద రిఫైనరీలు, ప్రభుత్వ చమురు కంపెనీలు. మరి దెబ్బ పడిందెవరికి? భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో రొయ్యలు పెంచేవాళ్లకి, తిరుప్పూర్లో బనియన్లు కుట్టేవాళ్లకి, సూరత్‌లో వజ్రాలు సానబెట్టేవాళ్లకి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే అని మనవాళ్లు చాలామంది నవ్వుకున్నారు కూడా. కానీ ఆ సామెత ఇక్కడ సగమే సరిపోతుంది. ఎందుకంటే ఈ దుత్తను కోపంలో చేతికి దొరికిందని పగలగొట్టలేదు, ఏది పగిలితే తనకు నష్టం లేదో చూసుకుని మరీ పగలగొట్టారు.

నమ్మకం లేకపోతే మినహాయింపుల జాబితా చూడండి. ఇలాంటి ఉత్తర్వుల్లో అసలు కథంతా అక్కడే ఉంటుంది, టీవీ చర్చల్లో మాత్రం ఎవరూ దాని జోలికి పోరు. జనరిక్ మందులకు సుంకం లేదు. స్మార్ట్‌ఫోన్లకు లేదు. ఇంకా తమాషా ఏమిటంటే పెట్రోలియం ఉత్పత్తులకు కూడా లేదు. అంటే రష్యా ముడి చమురు కొన్నందుకు వేసిన జరిమానా రొయ్యకు పడింది కానీ, శుద్ధి చేసి అమెరికాకు పంపే ఇంధనానికి పడలేదు! అమెరికాలో వాడే జనరిక్ మందుల్లో సుమారు 40 శాతం మన దగ్గర్నుంచే వెళ్తాయి, వాటి మీద సుంకం వేస్తే అక్కడి మందుల షాపులో ముసలాళ్లు గొడవ చేస్తారు. రొయ్యలకు ఆ బాధ లేదు. మనం పంపకపోతే ఈక్వెడార్ పంపుతుంది, అప్పట్లో దాని మీద సుంకం 15 శాతమే.

రొయ్యల లెక్క కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాషింగ్టన్‌లో పెట్టిన సంతకం గోదావరి జిల్లా చెరువు గట్టు దాకా ఎలా వస్తుందో అక్కడే తెలుస్తుంది. ఈ సుంకానికి ముందు మన దేశం అమ్మే రొయ్యల్లో విలువ ప్రకారం దాదాపు సగం అమెరికాకే వెళ్లేవి, పండించేదాంట్లో సింహభాగం ఆంధ్రది. వాటి మీద మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీలకు విరుగుడుగా వేసే సుంకం ముందునుంచే ఉన్నాయి, ఈ 50 కలిపితే మొత్తం 58 శాతం దగ్గర తేలింది. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే, మన ఎగుమతిదారు కాదు. కానీ వాడు ఊరుకోడు కదా, ధర తగ్గించమంటాడు, లేదంటే ఆర్డర్ ఆపేస్తాడు. మన ఎగుమతిదారుకు కోల్డ్ స్టోరేజీ ఉంది, కొన్నాళ్లు ఆగగలడు. చెరువు చేసే రైతుకు ఆగే దారే లేదు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసి మూడు నాలుగు నెలలైన చెరువులో ప్రతి అదనపు రోజూ మేత ఖర్చు, నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల కరెంటు ఖర్చు, పైగా వైట్‌స్పాట్ రోగం వస్తుందేమోనన్న టెన్షన్. ఆ రోజు కొనేవాడు ఏ ధర చెబితే దానికి పట్టుబడి పట్టాల్సిందే.

ఇంకో విషయం. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ మొదటిసారి సుంకాలు ప్రకటించగానే, ఇంకా ఒక్క డాలరు సుంకం వసూలు కాకముందే, ఇక్కడ అన్ని కౌంట్ల ధరలూ పడిపోయాయి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. అమెరికా వాళ్లు ఎక్కువగా తీసుకునేది 30, 40 లాంటి పెద్ద సైజు. వంద కౌంట్ ఎక్కువగా వేరే దేశాలకు పోతుంది. మరి వంద కౌంట్ ధర ఎందుకు తగ్గించారని రైతులు అప్పుడే నిలదీశారు, కొనేవాళ్లు సిండికేట్ అయ్యారని గోల పెట్టారు. నాకు ఆ అనుమానం న్యాయంగానే కనిపిస్తుంది. దేశాల మధ్య యుద్ధం ఆర్థిక రూపంలో జరిగినప్పుడు మధ్యలో ఉన్నవాడికి అది మంచి సాకు కూడా అవుతుంది.

ఇప్పుడు చైనా సంగతికి వద్దాం. రష్యా ముడి చమురు అందరికంటే ఎక్కువ కొనేది చైనా. మన కంటే ఎక్కువ. దానికి ఈ జరిమానా పడలేదు. ప్రజాస్వామ్యం, మిత్రదేశం, క్వాడ్ కూటమి అని మనవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నదంతా ఒక పక్కన పెట్టి ఈ ఒక్క విషయం ఆలోచిస్తే చాలు, ఆట ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. 2025 ఏప్రిల్ 4న చైనా డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం సహా, శక్తిమంతమైన అయస్కాంతాల తయారీ లాంటి వాటికి కావాల్సిన ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. నిషేధం అనలేదు, దరఖాస్తు పెట్టుకోండి అంది, అంతే. కొన్ని వారాలకే షికాగోలో ఫోర్డ్ కంపెనీ అయస్కాంతాలు అందక ఒక కార్ల ప్లాంటును తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ తయారీ ఆగింది. చైనా మీద 145 శాతం దాకా ఎక్కించిన సుంకాన్ని అమెరికా మే నెలలో జెనీవాలో దించుకుంది, జూన్‌లో లండన్‌లో మళ్లీ కూర్చుంది, అక్టోబర్ 30న బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ చేతులు కలిపారు. ప్రపంచంలో తయారయ్యే ఈ రకం శక్తిమంతమైన అయస్కాంతాల్లో 90 శాతం వరకు ఒక్క చైనావే. మిసైల్ అక్కర్లేదు, లైసెన్సు ఫారం చాలు.

ఇదేమీ చైనా నిన్నగాక మొన్న కనిపెట్టిన విద్య కాదు. 2010లో చైనా, జపాన్ రెండూ తమవేనని చెప్పుకునే సెంకాకు దీవుల దగ్గర పడవ గొడవ అయినప్పుడు జపాన్‌కు రేర్ ఎర్త్స్ ఆగిపోయాయి. జపాన్ గోల చేసి ఊరుకోకుండా మరుసటి ఏడాదే ఆస్ట్రేలియాకు చెందిన లైనాస్ కంపెనీలో డబ్బు పెట్టింది. మనకు భీమిలి ఇసుకలో రేర్ ఎర్త్స్ ఉండే మోనజైట్ ఖనిజం ఉంది, దేశంలో ఎక్కువ నిల్వ ఆంధ్ర తీరానిదే. అయినా విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు 2023లో గానీ జాతికి అంకితం కాలేదు, దాని సామర్థ్యం ఏటా 3 టన్నులు. అవును, మూడే. 2025 నవంబర్‌లో కేంద్రం 7,280 కోట్లతో ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ పథకానికి ఆమోదం తెలిపింది. జపాన్‌కు దెబ్బ తగిలిన పదిహేనేళ్లకు.

మందుల విషయంలో మన చేతిలో ఆయుధం ఉందని కొందరు అంటారు. నిజమే, కానీ దాని పిడి ఇంకొకరి చేతిలో ఉంది. 2020 ఏప్రిల్‌లో మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగుమతి ఆపినప్పుడు ట్రంప్ ప్రతీకారం మాట ఎత్తిన మర్నాడే మనం సడలించాం. హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యే మందులకు కావాల్సిన ముడి పదార్థాల్లో చాలా భాగం చైనా నుంచే వస్తాయి. యాంటీబయాటిక్స్‌కు ముడి పదార్థమైన పెన్సిలిన్ జీ ఒకప్పుడు మనమే చేసుకునేవాళ్లం, చైనా చవగ్గా అమ్మేసరికి తొంభైల తర్వాత మన ప్లాంట్లు మూతపడ్డాయి. మళ్లీ కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ కంపెనీ పెద్ద ప్లాంటు కట్టి 2024లో మొదలుపెట్టింది, ప్రోత్సాహకాల పథకం కింద. చైనా ధర తగ్గిస్తే ఇక్కడి ఫార్మా కంపెనీలే అటు చూస్తాయి. ధర తేడాను ఎవరో ఒకరు భరించకపోతే ఆ ప్లాంటు కూడా పాత ప్లాంట్ల దారి పడుతుంది, ఇందులో పెద్ద రహస్యమేం లేదు.

ఇంతకీ మనమేం తక్కువ తినలేదు. 2019లో మలేసియా ప్రధాని మహతీర్ ఐక్యరాజ్యసమితిలో కశ్మీర్ గురించి మాట్లాడారు, 2020 జనవరిలో మనం శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టాం. ఎదురు దెబ్బ తీసేంత పెద్దవాళ్లం కాదని మహతీరే ఒప్పుకున్నారు. అప్పుడు మన ఛానళ్లలో ఎంత సంబరం! అక్కడ తోటల్లో గెలలు కోసే కూలీకి కశ్మీర్ ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు. ఇండొనేసియా పామాయిల్ మనకు సిద్ధంగా దొరికింది కాబట్టే ఆ ధైర్యం. చైనా కూడా 2020లో ఆస్ట్రేలియా మీద కోపం వస్తే బార్లీ, వైన్, లాబ్‌స్టర్ ఆపింది. ఇనుప ఖనిజం ముట్టుకోలేదు, అది లేకపోతే దాని ఉక్కు మిల్లులు నడవవు.

నా అసలు కంప్లయింట్ అమెరికా మీద కాదు. అది తన బలం చూసి తను ఆడింది, బలం ఉంటే మనమూ ఆడతాం. నా కంప్లయింట్ ఇక్కడి లెక్కల మీద. 2022కు ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం కూడా లేదు, 2024కల్లా అది మూడో వంతు దాటింది. డిస్కౌంట్ దొరికింది, రిఫైనరీలకు మంచి లాభాలు వచ్చాయి, మంచిదే. బంకులో మాత్రం 2022 మే తర్వాత చాలాకాలం పాటు తగ్గింది 2024 మార్చిలో ఇచ్చిన 2 రూపాయలే, ఆంధ్రలో లీటరు పెట్రోలు 109 దగ్గరే ఉండిపోయింది. ఎవరి మాటా వినకుండా చమురు కొనడం దేశ ప్రయోజనం అని కేంద్రం అంది, ఆ మాట తప్పని నేననను. కానీ దేశ ప్రయోజనానికి అయిన ఖర్చు దేశం మొత్తం పంచుకోవాలి, కొన్ని జిల్లాల మీద పడేసి ఊరుకుంటే ఎలా?

2026 ఫిబ్రవరిలో ఆ రష్యా జరిమానా ఎత్తేశారు. ఇండియా రష్యా చమురు ఆపుతానని ఒప్పుకుందని వైట్‌హౌస్ చెప్పుకుంది. ఈలోపు ఆగస్టు నుంచి చెరువు పట్టినవాడి నష్టం ఏ ఖాతాలోకీ ఎక్కలేదు. 2025 నవంబర్‌లో కేంద్రం ఎగుమతిదారులకు 20,000 కోట్ల మేర రుణ హామీ పథకం ప్రకటించింది, 25,060 కోట్ల ఎగుమతుల ప్రోత్సాహక మిషన్ అంది. రెండూ ఎగుమతి చేసే కంపెనీలకే. చెరువు లీజుకు తీసుకుని, మేత డీలరు దగ్గర అప్పు పెట్టి సాగు చేసేవాడు ఎగుమతిదారు కాదు, చాలాసార్లు కాగితాల మీద రైతు కూడా కాదు. కరెంటు సబ్సిడీ కోసం రాష్ట్ర ఆక్వా అభివృద్ధి సంస్థ అప్సడా దగ్గర చెరువుల నమోదు ఎలాగూ ఉంది. అందులో లీజుదారు పేరు కూడా ఎక్కించి, రష్యా చమురు డిస్కౌంట్‌లో మిగిలిన సొమ్ములోంచి ఒక నిధి పెట్టి, ఇలాంటి జరిమానా పడిన నెలల్లో కౌంట్ వారీగా ధర తేడా కట్టడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. రిఫైనరీలను అడిగే ధైర్యం ఉంటే వచ్చే పంటకే మొదలుపెట్టొచ్చు.