నిద్ర సంగతి తర్వాత చూద్దామంటే కుదరదు

పెద్ద ప్రమాదం నుంచో, దాడి నుంచో, యుద్ధం నుంచో బయటపడ్డ మనిషి నెలలు గడిచాక కూడా "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అంటే, చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర ఒకటే జవాబు ఉంటుంది: మనసు కుదుటపడితే నిద్ర అదే వస్తుంది. డాక్టర్లు కూడా చాలాకాలం ఇలాగే ఆలోచించారు. పీటీఎస్‌డీ (అలాంటి ఘటన తర్వాత నెలలు గడిచినా వదలని భయం, ఆందోళనల జబ్బు) అసలు జబ్బు, నిద్ర పట్టకపోవడం, పీడకలలు దాని లక్షణాలు, అసలుది తగ్గితే ఇవీ పోతాయని. నేను ఒప్పుకోను. నిద్రకు మొదటి నుంచే విడిగా చికిత్స చేయాలి.

మంచి ట్రామా థెరపీ, అంటే ఆ చేదు ఘటన తాలూకు భయానికి చేసే చికిత్స, జరిగి, పగటి భయాలు బాగా తగ్గినవాళ్లలో కూడా చాలామందికి నిద్ర మాత్రం సరికాదు. మొదట్లో మెలకువ వచ్చేది భయంతోనే. తర్వాత పీడకల వస్తుందేమోనని పడుకోవడమే వాయిదా వేస్తారు. లైటు ఆర్పరు. చిన్న చప్పుడుకే లేచి తలుపు గడియ మళ్లీ చూసొస్తారు. పోయిన నిద్ర కోసం పగలు కునుకు తీస్తారు, దాంతో ఆ రాత్రీ పాడవుతుంది. కొన్నాళ్లకు మంచం చూస్తేనే టెన్షన్ మొదలవుతుంది. ఇక అప్పుడు భయం తగ్గినా ఈ అలవాటు తనంతట తాను వదలదు.

దీనికి సీబీటీ-ఐ అనే థెరపీ ఉంది, నిద్ర అలవాట్లను, నిద్ర గురించిన ఆలోచనలను మార్చే మాటల చికిత్స. పెద్దవాళ్లలో దీర్ఘకాలం నిద్ర పట్టకపోతే మందులకన్నా ముందు దీన్నే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది. ఇదేదో సాయంత్రం కాఫీ మానండి, ఫోన్ పక్కన పెట్టండి అనే సలహాల చిట్టా కాదు. మంచం మీద తొమ్మిది గంటలు ఉండి ఐదున్నర గంటలే నిద్రపోతున్న మనిషికి, మంచం మీద ఉండే సమయాన్నే దాదాపు ఐదున్నరకు కుదిస్తారు. లేచే టైము రోజూ ఒకటే. నిద్ర రాకపోతే మంచం దిగిపోవాలి. మొదటి ఒకటి రెండు వారాలు చాలా కష్టంగా ఉంటుంది. ఆ మాట థెరపిస్టు ముందే చెప్పాలి, లేకపోతే చికిత్సే పని చేయట్లేదనుకుని మానేస్తారు. నిద్ర గట్టిపడ్డాక సమయం కొద్దికొద్దిగా పెంచుతారు. మూర్ఛ, బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారే జబ్బు) ఉన్నవాళ్లు, బండి నడిపే పని చేసేవాళ్లు మాత్రం దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

పీడకలలకు మరో పద్ధతి ఉంది. పగలు, పూర్తి మెలకువలో, కల కథను మనకు నచ్చినట్టు మార్చి రాసుకుని, దాన్ని రోజూ కొన్ని నిమిషాలు మనసులో చూసుకోవడం. వింటే పిల్లల ఆటలా ఉంటుంది. కానీ లైంగిక దాడికి గురైన మహిళలతో బారీ క్రాకోవ్ బృందం చేసి 2001లో ప్రచురించిన పరిశోధనలో పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. మాజీ సైనికుల్లో ఫలితాలు అంత స్పష్టంగా లేవు.

మందుల కథా ఇంతే, కలగాపులగం. ప్రజోసిన్ అసలు బీపీ మందు. పీడకలలకు పనిచేస్తుందని చిన్న పరిశోధనల్లో తేలింది. 2018లో 304 మంది మాజీ సైనికులతో చేసిన పెద్ద పరిశోధనలో మాత్రం ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగనిపించలేదు. అయినా కొందరికి మేలు చేస్తుంది కాబట్టి డాక్టరు చెబితే వాడి చూడొచ్చు. అల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మత్తు మాత్రలు వేరే సంగతి. పీటీఎస్‌డీకి వాటిని వాడొద్దని అమెరికా మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి ఇచ్చిన 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు, అది ప్రమాదం. ఇక మద్యం పుచ్చుకుంటే నిద్ర త్వరగా పట్టే మాట నిజమే, కానీ తెల్లవారుజామున కలలు మరింత ఉధృతంగా వస్తాయి.

ఎవరూ పట్టించుకోనిది గురక. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, తరచుగా కనిపిస్తుంది. ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తే, అదీ పీడకల ఖాతాలోనే పడిపోతుంది. నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ సరిగ్గా వాడితే కొందరికి కలలు కూడా తగ్గుతాయి. అయితే ముఖానికి మాస్క్ తగిలించుకోవడం ఊపిరాడని భయం ఉన్నవాళ్లకు తేలిక కాదు, మెల్లగా అలవాటు చేయాలి.

నిద్రను ముందుకు తేవాలనడానికి నా దగ్గరున్న అన్నిటికన్నా బలమైన కారణం వేరే ఉంది. సీబీటీ-ఐలో ఆనాటి చేదు ఘటనను మళ్లీ చెప్పుకోవాల్సిన పని లేదు. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది సెషన్లు, వీడియో కాల్‌లో కూడా చేయొచ్చు. ట్రామా మాటెత్తితే గదిలోంచి లేచిపోయే మనిషి కూడా నిద్ర పట్టట్లేదని మాత్రం చెబుతాడు. అలా చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను, ముందు ట్రామా థెరపీ పూర్తి చేసుకుని రమ్మని తిప్పి పంపడం ఆపాలి.