పూత మీద మందు కొట్టొద్దు

పోయిన నెల ఊరికి వెళ్లాను. తెల్లవారేసరికి అమ్మ గుమ్మడి పాదు దగ్గర కూర్చుని ఉంది. మగ పువ్వు తెంపి, రేకులు తుంచేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడ పువ్వు మీద అద్దుతోంది. ఏం చేస్తున్నవమ్మా అని అడిగితే, "తేనెటీగలు వస్తలేవు బిడ్డా. పిందెలన్నీ పసుపు రంగుకొచ్చి రాలిపోతున్నయ్" అంది.

చిన్నప్పుడు గుమ్మడి పువ్వులో వేలు పెట్టాలంటే భయం, లోపల ఈగ ఉంటుందని. ఆ పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో పుప్పొడి అందకపోతే ఆ పిందె నిలవదు. అమ్మ నాలుగు పాదులకు చేయగలదు. చేను మొత్తానికి ఎవరు చేస్తారు? పొద్దుతిరుగుడు వేసిన రైతుకు, పూత మీద పొద్దున పూట మెత్తటి గుడ్డతో పువ్వులు రుద్దమని సలహా ఇస్తారు. ఎకరానికి దాదాపు 22 వేల మొక్కలు. తేనెటీగలు ఉచితంగా చేసే ఆ పనికి కూలీ ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది పూత మీద మందు కొట్టడం. మామిడి పూతకు తేనెమంచు పురుగు పడుతుంది. నిజమే, వదిలేస్తే పూత మాడిపోతుంది. కానీ మందు పూత విచ్చుకోకముందు కొట్టాలి, లేదా పిందె పడ్డాక. నిండు పూత మీద కొడితే పురుగుతో పాటు ఆ పూతను కాయగా మార్చే ఈగలూ పోతాయి. మామిడికి తేనెటీగల కన్నా మామూలు ఈగలే ఎక్కువ మేలు చేస్తాయని చాలామందికి తెలియదు. తర్వాత కాపు తగ్గిందని ఇంకో మందు తెస్తాం.

ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటి మందులైతే మొక్క లోపలికి ఇంకి పుప్పొడిలోకి, మకరందంలోకి వస్తాయి. తేనెటీగ అక్కడికక్కడే చావకపోవచ్చు, గూటికి తిరిగి వచ్చే దారి మర్చిపోతుంది. యూరప్‌లో 2018లో ఈ రెండింటినీ, ఇదే రకం మందైన క్లోథియానిడిన్‌నూ ఆరుబయట పంటల మీద వాడకుండా ఆపేశారు. మన దగ్గర పత్తి విత్తనాలకు ఇమిడాక్లోప్రిడ్ పట్టించే ప్యాకెట్‌లో పెడతారు.

రైతును తిట్టడానికి ఇది రాయడం లేదు. పంట మీద అప్పు తెచ్చినవాడు షాపులో ఏ డబ్బా ఇస్తే అది కొడతాడు. ఏ రోజు, ఏ పూట కొట్టాలో ఆ డబ్బా ఇచ్చినవాళ్లు చెప్పాలి కదా.

మందు ఒక్కటే కాదు. గట్ల మీద తుమ్మి, ఉత్తరేణి, తంగేడు ఉండేవి. పంట పూత లేని రోజుల్లో ఈగలకు అవే తిండి. ఇప్పుడు గట్టు మీద కూడా గడ్డి మందే. బతుకమ్మకు తంగేడు పువ్వు కోసం ఊళ్లు తిరుగుతున్నాం. తంగేడు పుప్పొడి మామూలుగా రాలదు, తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మని ఊపితేనే బయటికొస్తుంది. టమాటా, వంకాయ పువ్వులదీ అదే తీరు. ఆ తుమ్మెద ఎండిన కట్టెలో, పాత వాసాల్లో తొలుచుకుని గుడ్లు పెడుతుంది. వాసాలు పోయి స్లాబులు వచ్చాయి, ఎండిన చెట్టును ఒక్కరోజు ఉండనివ్వం. తేనె పెట్టెలు పెడితే అన్నీ సర్దుకుంటాయనే వాళ్లకు ఇదే నా జవాబు. తేనె పెట్టెలు మంచివే, కానీ పెట్టెలోని తేనెటీగకు ఆ జుమ్మనే పని రాదు.

తేనెటీగలు పోతే నాలుగేళ్లలో మనుషులు పోతారని ఐన్‌స్టీన్ చెప్పాడంటూ వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆయన అలా అన్న దాఖలా లేదు, దయచేసి అది పంపకండి. వరికి, గోధుమకు, మొక్కజొన్నకు తేనెటీగ అక్కర్లేదు. అన్నం ఉంటుంది. అన్నంలోకి వేసుకునే గుమ్మడి, దోస, బీర, సొర, తర్వాత తినే మామిడిపండు తగ్గిపోతాయి. నాకు ఆ నష్టమే చాలా పెద్దది.

ఊళ్లో ఉండగా పక్క చేను కాకతో మాట్లాడాను. ఆయన దోసకు పొద్దున్నే ఆరింటికి మందు కొడతాడు, సరిగ్గా పువ్వులు విచ్చుకునే వేళకు. సాయంత్రానికి మార్చమన్నాను. "పొద్దుగాల గాలి ఉండదు బిడ్డా, మందు మొఖాన పడదు" అన్నాడు. అదీ నిజమే, మాస్క్ కూడా లేకుండా కొట్టే మనిషి. బీర, సొర పువ్వులు సాయంత్రమే విచ్చుకుంటాయి కాబట్టి వాటికి నా సలహా పనికిరాదు కూడా. దోస వరకైనా పొద్దుగూకే ముందు గాలి తగ్గాక ఒక్కసారి కొట్టి చూడమన్నాను, మాస్క్ నేను కొనిస్తానన్నాను. సోమవారం కొట్టాలట. చూస్తానన్నాడు.