శాలువా బదులు గరిటె ఇవ్వండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన సంఘం ఉగాది వేడుకలో పచ్చడి పంచే బల్ల దగ్గరికి వెళ్లి తానూ అందిస్తానని అడిగిన మా అబ్బాయిని, కార్యకర్త ఒకరు ఎంతో ప్రేమగానే "వద్దు నాన్నా, నువ్వెళ్లి కూర్చో, మేం చూసుకుంటాం" అని పంపించేశారు. కాసేపటికి "ప్రత్యేక పిల్లలు" అంటూ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. వాడికి 26 ఏళ్లు. ఆసుపత్రి వంటశాలలో భోజనం ట్రేలు సర్ది జీతం తెచ్చుకుంటున్నాడు.

ఆ ఉద్యోగం నిలిచింది, పనిచోటే పక్కనుండి పని నేర్పే జాబ్ కోచ్ వల్ల. ట్రే సర్దడాన్ని ఆమె చిన్న చిన్న అంచెలుగా విడదీసి, ఒక్కో అంచెకూ ఒక బొమ్మ గీసి బల్ల అంచున అతికించారు: కాగితం, చెంచా, రుమాలు, రోగి పేరున్న చీటీ. ఉప్పు తగ్గించిన భోజనాన్ని చీటీ రంగును బట్టి వేరుచేసే చోట వాడు ఆగిపోతే, తాను చేసిపెట్టకుండా బొమ్మ వైపు వేలు చూపి ఊరుకునేవారు. మొదట పక్కనే నిలబడ్డారు, తరువాత గది చివరికి జరిగారు, ఆపైన వారానికొకసారి వచ్చి చూసి వెళ్లేవారు. సందేహమొస్తే ఎవరిని అడగాలో వాడికీ, వాడికి ఎలా చెప్పాలో తోటి ఉద్యోగులకూ నేర్పిన తరువాతే తప్పుకున్నారు.

మా ఊళ్లో ఇలాంటివారిని ఎవరూ ఊరికే కూర్చోబెట్టేవారు కాదు. గొడ్లకు నీళ్లు పెట్టేవారు, గుడిలో ప్రసాదం పంచేవారు, ఊరంతా పేరుపెట్టి పిలిచేది. అయితే ఆ ఆదరణలో కూలి ఉండేది కాదు. ఇక్కడ 1986లో పునరావాస చట్టానికి చేసిన సవరణలు సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్‌కు, అంటే ఇలా కోచ్ తోడుతో చేసే జీతం ఉద్యోగానికి, దారి వేశాయి. 2014 నాటి చట్టం బడిలో ఉండగానే ఉద్యోగ సన్నాహం మొదలుపెట్టే బాధ్యతను వికలాంగులకు ఉద్యోగం దొరికేలా తోడ్పడే రాష్ట్రాల వొకేషనల్ రిహాబిలిటేషన్ శాఖలకు అప్పగించింది. అయినా బిడ్డ వైకల్యం నలుగురికీ తెలుస్తుందని కొందరు తల్లిదండ్రులు ఆ శాఖకు దరఖాస్తే చేయరు. జీతం వస్తే ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వికలాంగులకు, వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భత్యం) మొత్తం పోతుందన్న భయం మరికొందరిది. నిజానికి నెల జీతంలో కనీసం మొదటి 65 డాలర్లు లెక్కలోకి రావు, ఆపైన సంపాదించే ప్రతి 2 డాలర్లకు 1 డాలరే తగ్గుతుంది.

వందల మంది తోసుకొచ్చే వరుసలో వేడి సాంబారు గిన్నె దగ్గర ఏమవుతుందోనన్న కార్యకర్తల భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ భయానికి జవాబుగానే కోచ్ ఉన్నారు.

మన సభ్యుల్లో హోటళ్లు, కిరాణా దుకాణాలు, ఫార్మసీలు నడిపేవారు ఎందరో ఉన్నారు. తేదీ దాటిన పప్పు ప్యాకెట్లను ఏరడం, అరలు సర్దడం వంటి పనులకు ఒక్కొక్కరినైనా తీసుకోండి, అందరికీ ఇచ్చే జీతమే ఇవ్వండి, కోచ్‌ను లోపలికి రానివ్వండి. రాష్ట్ర శాఖ ద్వారా వచ్చే కోచ్‌కు జీతమిచ్చే భారం మీ మీద పడదు. కార్యవర్గం ఆ శాఖ కౌన్సెలర్‌ను మన సమావేశానికొకసారి ఆహ్వానించి, ఈ యజమానులనూ మాలాంటి తల్లిదండ్రులనూ ఎదురెదురుగా మాట్లాడనివ్వాలని వేడుకుంటున్నాను.