హల్క్ 181 కామిక్ కొనేముందు స్టాంపు చూడండి
2021 బూమ్ తర్వాత అమెరికన్ కామిక్స్ ధరలు పడ్డాయి కాబట్టి ఇప్పుడు ఏది కొన్నా లాభమే అన్నట్టు కొందరు రాస్తున్నారు. అదెలాగండీ? కొత్త సంచికలు సీజీసీ (కామిక్ ఎంత బాగా ఉందో చూసి పదికి గ్రేడు ఇచ్చే సంస్థ) 9.8 గ్రేడులో కుప్పలుగా ఉన్నాయి, ఏ గ్రేడులో ఎన్ని కాపీలున్నాయో చెప్పే దాని సెన్సస్ చూస్తే తెలిసిపోతుంది. వెతకాల్సింది 1970ల నాటి, ఇంకా గ్రేడ్ చేయించని మధ్యరకం కాపీలు. వుల్వరిన్ పూర్తిగా కనిపించిన తొలి సంచిక ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 (1974) అమ్మేవాణ్ణి ముందు లోపలి పేజీలో అచ్చయిన చిన్న బొమ్మ, అంటే మార్వెల్ వాల్యూ స్టాంపు, ఫొటో అడగండి. అప్పట్లో పిల్లలు దాన్ని కత్తిరించుకునేవారు. అది లేకపోతే సీజీసీలో లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ లేబులో, బాగా తక్కువ గ్రేడో వస్తుంది. స్పైన్ (పుస్తకం కుట్టు అంచు) మీద మడత రంగు చెదరకుండా ఉంటే, వేడి, ఒత్తిడితో సాపుచేసే ప్రెస్సింగ్‌తో చాలావరకు పోతుంది, తెల్లగీత తేలితే మాత్రం పోదు. పోల్చాల్సింది ఈబేలో చెప్పిన రేటుతో కాదు, ‘సోల్డ్’ ఫిల్టర్‌లో కనిపించే అమ్మకాలతో.